తరచుగా అడిగే ప్రశ్నలు: డొక్కు కార్ల ఎండ్యూరెన్స్ రేసుల్లో గుద్దుకుంటే ఏం చేయాలి, కారును ఎలా నిలబెట్టాలి

అమెరికాలో 24 అవర్స్ ఆఫ్ లెమన్స్, చాంప్‌కార్, లక్కీ డాగ్ లాంటి, డొక్కు కార్లతో గంటల తరబడి సాగే ఔత్సాహిక రేసులకు వద్దామనుకునే తెలుగువాళ్లు అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. ముఖ్యంగా యాక్సిడెంట్ల గురించి, ఆ తర్వాత జరిగే రిపేర్ల గురించి. అన్నీ ఒకచోట ఉంటే మేలని ఇది రాశాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. సిరీస్‌ను బట్టి, ఏడాదిని బట్టి రూల్స్ మారుతుంటాయి. కాబట్టి ఏదైనా కొనేముందు ఆ ఏడాది రూల్ బుక్ మొత్తం చదవండి.

## రేసుకు పేరు ఇచ్చే ముందు

500 డాలర్ల కారుతో నిజంగా రేసు చేస్తారా?

చేస్తారు. లెమన్స్‌ను జే ల్యామ్ 2006లో కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్ ట్రాక్‌లో మొదలుపెట్టాడు. ఫ్రాన్స్‌లో జరిగే ప్రసిద్ధ 24 గంటల రేసు 'లె మాన్' పేరును వెక్కిరిస్తూ పెట్టిన పేరది. కారు ఖర్చు 500 డాలర్లు దాటకూడదనేది అసలు రూలు. దాటిందని జడ్జీలకు అనిపిస్తే మొదలవకముందే పెనాల్టీ ల్యాపులు వేస్తారు. అయితే రోల్ కేజ్ (డ్రైవరు చుట్టూ కట్టే ఇనుప గొట్టాల చట్రం), సీటు, బెల్టులు, బ్రేకులు, చక్రాలు, టైర్లు ఆ లెక్కలోకి రావు. ప్రాణం కాపాడే వాటి మీద ఎంత ఖర్చు పెట్టినా ఎవరూ అడగరు. అందుకే కారు కంటే దాని లోపలి కేజ్ ఖరీదు నాలుగైదు రెట్లు ఉండటం మామూలే.

చాలా రేసులు పేరుకే 24 గంటలు. సాధారణంగా శనివారం పగలు కొంత, ఆదివారం పగలు కొంత నడుస్తాయి. మధ్యలో వచ్చే శనివారం రాత్రి రిపేర్ల రాత్రి.

ఇది ఎంత ప్రమాదం? నిజం చెప్పండి.

కారు రేసింగ్ ప్రమాదం లేని పని కాదు. ఇక్కడ కార్లు పాతవి, డ్రైవర్లలో చాలామంది కొత్తవాళ్లు, ట్రాక్ మీద ఒకేసారి డజన్ల కొద్దీ కార్లుంటాయి, వాటి వేగాల్లో ఎంతో తేడా ఉంటుంది. మరోవైపు కాంటాక్ట్‌ను, అంటే కార్లు ఒకదానికొకటి తగలడాన్ని, నిర్వాహకులు అస్సలు సహించరు, సేఫ్టీ సామాన్ల దగ్గర బేరాల్లేవు. చిన్న సొట్టలు చాలా, పెద్ద దెబ్బలు తక్కువ. కానీ ఆ తక్కువలో మీరు ఉండరని ఎవరూ మాట ఇవ్వలేరు.

నా దగ్గర మంచి బైక్ హెల్మెట్ ఉంది, అది పనికొస్తుందా?

పనికిరాదు. బైక్ హెల్మెట్‌కు 'ఎం' రేటింగ్ ఉంటుంది, కారు రేసుకు హెల్మెట్లను పరీక్షించే స్నెల్ సంస్థ ఇచ్చే 'ఎస్‌ఏ' రేటింగ్ కావాలి. ఎస్‌ఏ హెల్మెట్ లోపలి గుడ్డ మంటను తట్టుకుంటుంది. రోల్ కేజ్ గొట్టానికి తల కొట్టుకునే పరిస్థితిని కూడా పరీక్షించి దానికి రేటింగ్ ఇస్తారు. రేటింగ్ పక్కన సంవత్సరం ఉంటుంది, ఉదాహరణకు ఎస్‌ఏ 2020. పాత సంవత్సరాలవాటిని ఒక్కొక్కటిగా రూల్ బుక్‌లోంచి తీసేస్తుంటారు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందంటే ముందు ఆ స్టిక్కర్ చూడండి.

హాన్స్ (తలను, మెడను పట్టి ఉంచే పరికరం) తప్పనిసరా? మెడ తిప్పడానికే ఇబ్బందిగా ఉంది.

తప్పనిసరి. కారు ఎదురుగా గోడను గుద్దితే బెల్టులు ఒంటిని పట్టుకుంటాయి, తలను పట్టుకునేది ఏదీ ఉండదు. హెల్మెట్ బరువుతో తల ముందుకు విసురుగా వెళ్లి పుర్రె అడుగు భాగం పగులుతుంది. 1980ల్లో రాబర్ట్ హబ్బర్డ్ అనే బయోమెకానిక్స్ ప్రొఫెసరు, రేసర్ జిమ్ డౌనింగ్ కలిసి దీనికి ఉపాయం కనిపెట్టారు. చాలా ఏళ్లు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 2001 ఫిబ్రవరిలో డేటోనా రేసులో ప్రసిద్ధ రేసర్ డేల్ ఎర్న్‌హార్ట్ చనిపోయాక ఆ ఏడాదే అమెరికా స్టాక్ కార్ రేసుల సంస్థ నాస్కార్ ఇలాంటి పరికరాన్ని తప్పనిసరి చేసింది. ఇబ్బంది ఒక గంటలో అలవాటవుతుంది. వెనక కార్ల కోసం వెడల్పాటి అద్దం పెట్టుకుంటే మెడ తిప్పే పని కూడా తగ్గుతుంది.

మంటను తట్టుకునే రేసు సూట్లలో ఒక పొర సూటుకీ, ఖరీదైన సూటుకీ తేడా ఏమిటి?

సెకన్లు. ఎస్‌ఎఫ్‌ఐ అనే భద్రతా ప్రమాణాల సంస్థ 3.2ఏ/1 రేటింగ్ ఉన్న సూటు ఒళ్లు బొబ్బలెక్కే దాకా సుమారు 3 సెకన్లు ఆపుతుంది, 3.2ఏ/5 అయితే సుమారు 10 సెకన్లు. పూర్తి గేర్‌తో బెల్టులు విప్పుకుని దిగడానికి మీకెంత పడుతుందో స్టాప్‌వాచ్ పెట్టి చూసుకోండి. ఏది కొనాలో అదే చెబుతుంది. సూటు లోపల పాలిస్టర్ బనియన్ వేసుకోకండి, వేడికి కరిగి చర్మానికి అంటుకుంటుంది.

కేజ్ మేమే వెల్డ్ చేసుకుంటే డబ్బు మిగులుతుంది కదా?

మీ టీమ్‌లో వెల్డింగ్ వృత్తిగా చేసేవాళ్లు ఉంటే సరే. లేకపోతే కేజ్‌లు కట్టే షాపుకు ఇవ్వండి. గొట్టం చుట్టూ పూర్తిగా వెల్డ్ పడాలి. పైకప్పుకు ఆనుకుని ఉండే చోట సగం వెల్డ్ చేసి వదిలేసేవాళ్లు ఎక్కువ. టెక్ ఇన్‌స్పెక్టర్లు (కార్లను తనిఖీ చేసేవాళ్లు) చిన్న అద్దం పెట్టి సరిగ్గా అక్కడే చూస్తారు. తల, మోకాళ్లు తగిలే గొట్టాలకు గట్టి ప్యాడింగ్ వేయండి. మెత్తటి స్పాంజి చేతికి హాయిగా ఉంటుంది గానీ దెబ్బను ఆపదు.

నా కారు ఇన్సూరెన్స్, ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ వర్తిస్తాయా?

మామూలు కారు పాలసీలు రేసింగ్‌ను మినహాయిస్తాయి. కాబట్టి కారు పోతే పోయినట్టే. హెల్త్ ఇన్సూరెన్స్ విషయంలో మీ ప్లాన్ డాక్యుమెంట్‌లో 'ప్రమాదకర కార్యకలాపాలు' అన్న భాగం చదివి, కంపెనీకి మెయిల్ పెట్టి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. టర్మ్ పాలసీ కొనేటప్పుడు మోటార్ రేసింగ్ చేస్తారా అని అడుగుతారు. ప్రీమియం పెరుగుతుందని 'లేదు' అని రాస్తే రేపు మీ కుటుంబానికి క్లెయిమ్ అందకపోవచ్చు. ఇండియా నుంచి వచ్చినవాళ్లు తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్‌ల మీద అయితే అస్సలు నమ్మకం పెట్టుకోవద్దు.

వేరే టీమ్‌లో డబ్బు కట్టి ఒక సీటు తీసుకున్నాను. నేను గుద్దితే ఎవరు భరించాలి?

కాగితం మీద ఏముంటే అది. సాధారణంగా 'విరగ్గొట్టినవాళ్లే కట్టాలి' అనే పద్ధతి నడుస్తుంది, కొన్ని టీమ్‌లు ఇంతకు మించి అడగం అని ఒక పరిమితి పెడతాయి. ముందే మూడు విషయాలు తేల్చుకోండి: గరిష్ఠంగా ఎంత కట్టాలి, ఇంజన్ పోతే అది డ్రైవర్ ఖాతాలోకి వస్తుందా, మీ తర్వాత ఎక్కాల్సినవాళ్లకు డ్రైవింగ్ దక్కకపోతే వాళ్ల డబ్బు ఎవరిస్తారు. మూడోదే స్నేహాలు చెడగొడుతుంది. అందరూ మనవాళ్లే కదా అని మొహమాటపడి కాగితం రాసుకోని టీమ్‌లే తర్వాత ఎక్కువగా గొడవపడతాయి.

ఎమర్జెన్సీ కాంటాక్ట్‌గా ఎవరి పేరు ఇవ్వాలి?

అదే రాష్ట్రంలో ఉండి, ఫోన్ ఎత్తి, గంటల్లో హాస్పిటల్‌కు రాగలిగిన మనిషి పేరు. గుంటూరులో ఉన్న నాన్నగారి నంబరు ఇస్తే అక్కడ అర్ధరాత్రి ఫోన్ మోగడం తప్ప ప్రయోజనం లేదు. మీరు వాడే మందులు, అలర్జీలు, బ్లడ్ గ్రూప్ ఒక కాగితం మీద రాసి టీమ్‌లో ఒకరి దగ్గర ఉంచండి. ఇంట్లోవాళ్లకు రేసుకని చెప్పకుండా 'ఫ్రెండ్స్‌తో క్యాంపింగ్' అని వెళ్లేవాళ్లూ ఉన్నారు. అది మీ ఇష్టం. కానీ ఆ కాంటాక్ట్ మనిషికి మాత్రం అసలు సంగతి తెలిసి ఉండాలి.

## ట్రాక్ మీద

గుద్దుకోకుండా ఉండటానికి అన్నిటికంటే పనికొచ్చే సలహా ఏది?

తొందరపడకపోవడం. లెక్క చూడండి. ల్యాపుకు రెండున్నర నిమిషాలు పట్టే ట్రాక్‌లో 20 నిమిషాల రిపేర్ అంటే 8 ల్యాపులు పోయినట్టు. ప్రత్యర్థి కంటే ల్యాపుకు 3 సెకన్లు వేగంగా నడిపినా, పోయిన ఆ 1200 సెకన్లు రాబట్టడానికి 400 ల్యాపులు కావాలి. అంటే 16 గంటలకు పైనే. చాలా వీకెండ్లలో మొత్తం రేసే అంత ఉండదు. గెలిచే టీమ్‌లు గ్యారేజీ మొహం చూడని టీమ్‌లే.

ఆచరణలో దీనర్థం: మలుపులో అవతలి డ్రైవరు మిమ్మల్ని చూశాడన్న నమ్మకం లేకపోతే అక్కడ ఓవర్‌టేక్ చేయొద్దు. వెనక వేగమైన కారు వస్తే పక్కకు తప్పుకోవడానికి వంకరలు పోవద్దు, మీ దారిలో మీరు నిలకడగా వెళ్లండి, దాటే పని వాళ్లు చూసుకుంటారు.

రెండు చక్రాలు రోడ్డు దిగి మట్టిలోకి పోయాయి. ఏం చేయాలి?

ఈ ఒక్కటీ బుర్రలోకి ఎక్కించుకోండి, ఎందుకంటే చెడ్డ యాక్సిడెంట్లలో చాలావాటి మొదలు ఇక్కడే. మట్టిలోకి దిగగానే చేయి తనంతట తానే స్టీరింగ్‌ను రోడ్డు వైపు గట్టిగా తిప్పేస్తుంది. మట్టిలో పట్టు లేదు కాబట్టి ముందు ఏమీ జరగదు, ఇంకాస్త తిప్పుతారు. అంతలో ముందు టైరు తారు అంచు ఎక్కుతుంది. ఒక్కసారిగా పట్టు దొరికి కారు అడ్డంగా ట్రాక్ అవతలి వైపుకు, వెనక వస్తున్న కార్ల మధ్యకు దూసుకుపోతుంది. అడ్డంగా మట్టిలోకి జారితే పల్టీ కూడా కొడుతుంది.

చేయాల్సింది ఇది: స్టీరింగ్ తిన్నగా ఉంచండి, బ్రేకు గట్టిగా తొక్కకండి, యాక్సిలరేటర్ మెల్లగా వదలండి. అవసరమైతే నాలుగు చక్రాలూ మట్టిలోకి దిగిపోనివ్వండి. వేగం తగ్గాక, వెనక ఎవరూ లేరని చూసుకుని, కొంచెం కొంచెంగా రోడ్డెక్కండి. పచ్చిక మీద నాలుగు చక్రాలతో వెళ్లిన కారుకు పోయేది పది సెకన్లే.

కారు అదుపు తప్పి గిర్రున తిరిగితే, అంటే స్పిన్ అయితే?

రెండు కాళ్లూ తొక్కేయండి: క్లచ్, బ్రేకు. బ్రేకు వదలొద్దు. చక్రాలు బిగుసుకున్న కారు ఒకే దిశలో జారుతుంది, వెనకవాళ్లు అది ఎటు పోతుందో ఊహించి తప్పుకోగలరు. మధ్యలో బ్రేకు వదిలితే టైర్లు పట్టు అందుకుని కారు ఎటో దూకుతుంది. ఆగాక ఇంజన్ నడుస్తుంటే కార్నర్ వర్కర్ (మలుపు దగ్గర జెండాలతో ఉండే ట్రాక్ మనిషి) సైగ కోసం చూసి, ట్రాఫిక్ లేనప్పుడు కదలండి. చాలా సిరీస్‌లలో స్పిన్‌కు కూడా బ్లాక్ ఫ్లాగ్ (ట్రాక్ పక్కన టీమ్‌లు ఉండే పిట్‌కు రమ్మనే నల్ల జెండా) ఉంటుంది, కాబట్టి పిట్‌కు వెళ్లి సమాధానం చెప్పుకోవాల్సిందే.

గోడ తగలడం ఖాయమని తెలిసిపోయింది. ఆ క్షణంలో?

బ్రేకు తొక్కే ఉంచండి. తగలబోయే ముందు చేతులు స్టీరింగ్ మీంచి తీసి ఛాతీ దగ్గరకు లాక్కోండి. ముందు చక్రం గోడను గుద్దితే స్టీరింగ్ గిర్రున తిరిగి బొటనవేళ్లు, మణికట్టు విరుగుతాయి. మామూలుగా నడిపేటప్పుడు కూడా బొటనవేలిని స్టీరింగ్ రింగు లోపలికి దూర్చకుండా పైన ఆనించి పట్టుకునే అలవాటు చేసుకోండి. తల సీటుకు ఆనించండి.

కారు ఆగిపోయింది. వెంటనే దిగి పక్కకు పరిగెత్తాలా?

మంట లేకపోతే దిగొద్దు. రేసు నడుస్తున్న ట్రాక్ మీద కేజ్ లోపల, బెల్టులు పెట్టుకుని, హెల్మెట్‌తో ఉన్నదే మీకు అన్నిటికంటే భద్రమైన చోటు. నడుచుకుంటూ వెళ్లే మనిషిని రెండో కారు గుద్దితే కాపాడేదేమీ ఉండదు. బాగానే ఉంటే కార్నర్ వర్కర్‌కు బొటనవేలు పైకెత్తి చూపించండి. రేడియోలో టీమ్‌కు రెండు ముక్కలు చెప్పండి. కిల్ స్విచ్ (కారులో కరెంటు మొత్తం తెంపే స్విచ్) ఆపండి. టో ట్రక్ వచ్చి, వాళ్లు దిగమన్నప్పుడే దిగండి.

మంట వస్తే?

అప్పుడు ఒక్క క్షణం కూడా ఉండొద్దు. కారు ఆగుతుండగానే ఫైర్ సిస్టమ్ (కారులో అమర్చిన మంట ఆర్పే ఏర్పాటు) లాగండి, కిల్ స్విచ్ ఆపండి, ఆగగానే బెల్టు విప్పి, కిటికీ వల దించి, స్టీరింగ్ ఊడదీసి బయటపడండి. వీలైతే కార్నర్ స్టేషన్ దగ్గర ఆపండి, అక్కడ మంట ఆర్పే సిలిండర్లు ఉంటాయి. పిట్ దాకా నడిపించుకెళ్దామనే ఆలోచన వద్దు.

దిగడం శుక్రవారమే సాధన చేయాలి, టీమ్‌లో అందరూ, పూర్తి గేర్‌తో, కళ్లు మూసుకుని కూడా. పొగలో ఏమీ కనపడదు. చాలామందిని పట్టేసేది బెల్టు కాదు, రేడియో వైరు, కూల్ షర్ట్ (చల్లటి నీళ్లు తిరిగే బనియన్) గొట్టం. లాగితే వాటంతట అవే ఊడేలా అమర్చుకోండి.

కిల్ స్విచ్ తిప్పాం, అయినా ఇంజన్ నడుస్తూనే ఉంది. పాడైందా?

స్విచ్ బాగానే ఉంటుంది, వైరింగ్ తప్పు. బ్యాటరీ తీగను మాత్రమే తెంపితే, తిరుగుతున్న ఆల్టర్నేటర్ ఇగ్నిషన్‌కు కరెంటు ఇస్తూనే ఉంటుంది. ఇంజన్ ఆగదు, ఫ్యూయల్ పంపు ఆగదు. ఇగ్నిషన్ సర్క్యూట్‌ను కూడా తెంపే స్విచ్ వాడాలి. ఇంటి దగ్గరే ఇంజన్ రేజ్ చేసి స్విచ్ తిప్పి చూడండి, టెక్‌లోనూ అదే చేయిస్తారు.

జెండాల్లో కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఏది?

ఎర్ర జెండా. కంగారులో అక్కడికక్కడే బ్రేకు కొడతారు, వెనకవాళ్లు వచ్చి గుద్దుతారు. అద్దంలో చూసుకుంటూ, నెమ్మదిగా పక్కకు తీసుకుని, ఏదో ఒక కార్నర్ స్టేషన్ కనిపించే చోట ఆపాలి. పసుపు జెండా దగ్గర ఓవర్‌టేక్ నిషేధం, యాక్సిడెంట్ దాటేదాకా. ఎర్ర పసుపు చారల జెండా అంటే రోడ్డు మీద నూనె గానీ ముక్కలు గానీ ఉన్నాయని. నల్ల జెండా మధ్యలో నారింజ చుక్క ఉంటే మీ కారులోంచి ఏదో కారుతోంది లేదా వేలాడుతోంది, పిట్‌కు రండి అని.

వాడే వచ్చి నన్ను గుద్దాడు. నాకెందుకు బ్లాక్ ఫ్లాగ్?

లెమన్స్‌లో కాంటాక్ట్ జరిగితే తప్పెవరిదైనా ఇద్దరినీ పిలుస్తారు. అన్యాయంగా అనిపిస్తుంది, కానీ దీనివల్లే 'నాదే కరెక్టు' అనుకుని మొండిగా దారివ్వనివాళ్లు తగ్గారు. జడ్జీల దగ్గర వాదన పెంచుకోకండి. వీడియో ఉంటే చూపించండి, లేకపోతే జరిగింది క్లుప్తంగా చెప్పి ఊరుకోండి. పదేపదే వెళ్తే టీమ్ మొత్తాన్ని ఆ రోజుకు కూర్చోబెడతారు.

## గుద్దుకున్న తర్వాత మొదటి అరగంట

నాకేం కాలేదు, బాగానే ఉన్నాను. మళ్లీ ఎక్కొచ్చా?

ఆ మాట నమ్మకండి, అది మీ నోటి నుంచి వచ్చినా సరే. దెబ్బ తగిలిన మొదటి గంట అడ్రినలిన్ నొప్పిని కప్పేస్తుంది. పెద్ద దెబ్బైతే ట్రాక్ మెడికల్ వాళ్ల దగ్గరికి వెళ్లాల్సిందే. తల అదిరిందనే అనుమానం ఏ కొంచెం ఉన్నా ఆ రోజుకు డ్రైవింగ్ బంద్. కంకషన్ (తల అదరడం వల్ల మెదడుకు తగిలే దెబ్బ) లక్షణాలు గంటల తర్వాత, ఒక్కోసారి మరుసటి రోజు బయటపడతాయి. మొదటిది మానకముందే రెండో దెబ్బ తగిలితే మెదడుకు చాలా ప్రమాదం.

తలనొప్పి పెరుగుతూ పోవడం, వాంతులు, మాట తడబడటం, కంటిపాపలు రెండూ ఒకే సైజులో లేకపోవడం, చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కడం, మెడ ఎముక మీద నొప్పి. వీటిలో ఏది కనిపించినా 911. ఆ రాత్రి హోటల్లో ఒంటరిగా పడుకోనివ్వొద్దు, ఇంటికి కారు నడుపుకుంటూ వెళ్లనివ్వొద్దు. మన దగ్గర 'ఏం పర్లేదులే, కాసేపు పడుకుంటే తగ్గిపోతుంది' అనే పెద్దరికం ఒకటి ఉంటుంది. ఇక్కడ దాన్ని పక్కన పెట్టండి.

కారు పిట్‌కు వచ్చింది. ముందు ఏం చూడాలి?

ముందు వాసన చూడండి: పెట్రోలు. ఫ్యూయల్ లైను, ట్యాంకు, ఫిల్లర్ గొట్టం సరిగా ఉన్నాయని తేలేదాకా ఎవరూ గ్రైండరు ముట్టుకోకూడదు. తర్వాత కేజ్: గొట్టాలు వంగాయా, వెల్డ్‌లు పగిలాయా, అడుగున ప్లేట్లు ఫ్లోర్‌ను చించుకుని వచ్చాయా. తర్వాత సీటు, బెల్టుల బోల్టులు. ఇవి దాటితేనే చక్రాల దగ్గరికి.

దెబ్బ తగిలిన చక్రాన్ని పైకెత్తి చేత్తో తిప్పండి. రిమ్ వంగితే కంటికే తెలుస్తుంది. పైనా కిందా పట్టుకుని ఊపండి, తర్వాత కుడీ ఎడమా. టై రాడ్, బాల్ జాయింట్, కంట్రోల్ ఆర్మ్, బేరింగు ఒక్కొక్కటీ చూడండి. చివరిగా టేపు తీసి ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య వరకు రెండు వైపులా కొలవండి. రెండు కొలతల మధ్య తేడా బాగా ఉంటే సస్పెన్షనో, దాన్ని పట్టుకున్న ఫ్రేమో వెనక్కి జరిగింది.

బాగుచేసి పంపాలా, ట్రైలర్ ఎక్కించాలా?

నా లెక్క ఒకటే: మీ పిల్లల్నో తమ్ముడినో అందులో కూర్చోబెట్టి పంపుతారా? కేజ్ వంగినా, సీటు బిగింపు కదిలినా, సస్పెన్షన్ పట్టుకునే రేకు చిరిగినా ఆ వీకెండ్ అయిపోయింది. ట్రాక్ పక్కన వాటిని నమ్మకంగా బాగుచేయలేం. బోల్టులతో ఊడే సామానులు ఎన్ని విరిగినా బాగుచేయొచ్చు. బాడీ రేకు గురించి ఆలోచించడమే దండగ.

ఈ నిర్ణయం డ్రైవరు చేయకూడదు, గుద్దినవాడు అసలే చేయకూడదు. రేసుకు ముందే ఒకరిని నియమించి, వాళ్లు వద్దంటే వద్దే అని ఒప్పందం చేసుకోండి. వందల మైళ్లు ప్రయాణించి, వేల డాలర్లు కట్టి, ఇంకా కారు ఎక్కని ఇద్దరు దీనంగా చూస్తుంటే 'పర్లేదు, నడుస్తుంది' అనే మాట చాలా తేలిగ్గా వచ్చేస్తుంది.

హెల్మెట్‌కు చిన్న గీత పడింది. బెల్టులు బాగానే కనిపిస్తున్నాయి. మార్చాలా?

హెల్మెట్‌లోని ఫోమ్ ఒక్కసారి నలిగితే మళ్లీ లేవదు, పైనుంచి చూస్తే తెలియదు. తల కేజ్‌కు కొట్టుకుని ఉంటే హెల్మెట్ మార్చండి. గట్టిగా గుద్దుకున్నాక బెల్టుల నేత సాగిపోయి ఉంటుంది, వాటినీ మార్చాలి. ఎలాగూ వాటికి గడువు ఉంటుంది, లేబుల్ మీద తేదీ చూసుకోండి.

## ప్యాడాక్‌లో (టీమ్‌లు మకాం వేసి కార్లు బాగుచేసుకునే ఆవరణలో) రిపేరు

ఏ పనిముట్లు తీసుకెళ్లాలి?

పానాలు, సాకెట్లు, టార్క్ రెంచి, మంచి జాకీ, నాలుగు స్టాండ్లు ఎలాగూ ఉంటాయి. వీటితో పాటు పెద్ద సుత్తి, పొడవాటి గడ్డపార, యాంగిల్ గ్రైండరు, రెసిప్రొకేటింగ్ రంపం, ర్యాచెట్ పట్టీలు, బలమైన టేపు, జిప్ టైలు, ఇనుప తీగ, జేబీ వెల్డ్ (లోహాన్ని అతికించే గట్టి జిగురు), నెత్తికి కట్టుకునే లైట్లు. లైట్లు తలకొకటి. రాత్రి పదింటికి కారు కింద పడుకుని నోట్లో ఫోన్ పెట్టుకుని పని చేయడం నరకం.

స్పేర్ పార్టులు ఏమేం ఉంచుకోవాలి?

మీ కారుకు ఏ జబ్బు ఉందో దాన్ని బట్టి. మాజ్దా మియాటా అయితే ముందు హబ్ బేరింగులు. పాత హోండా సివిక్, ఇంటెగ్రా అయితే కింది బాల్ జాయింట్లు, యాక్సిళ్లు. ఈ36 బీఎండబ్ల్యూ అయితే కూలింగ్ వ్యవస్థలోని ప్లాస్టిక్ మొత్తం. ఏ కారైనా సరే వీల్ స్టడ్‌లు, నట్లు, టై రాడ్లు, బ్రేకు ప్యాడ్లు, రోటర్లు, బెల్టులు, హోసులు, ఒక ఆల్టర్నేటర్, ఒక రేడియేటర్. గుద్దుకుంటే ఒక్కో మూలకు కావాల్సినవి, అంటే హబ్, స్టీరింగ్ నకిల్, కంట్రోల్ ఆర్మ్, స్ట్రట్, ముందే ఒకదానికొకటి బిగించి తెచ్చుకుంటే గంటన్నర పని అరగంటలో అవుతుంది.

బాడీ లోపలికి నొక్కుకుపోయి టైరుకు రాసుకుంటోంది.

కోసేయండి. అందం గురించి ఆలోచించొద్దు. కోయడం కుదరని చోట, రేకుకు ర్యాచెట్ పట్టీ తగిలించి రెండో కొస బరువైన ట్రక్కు హుక్కుకు కట్టి కొంచెం కొంచెంగా బిగించండి. పట్టీ తెగితే కొరడాలా వచ్చి తగులుతుంది, ఆ వరసలో ఎవరూ నిలబడకూడదు. కోసిన అంచులను సుత్తితో మడిచి టేపు వేయండి, లేకపోతే తర్వాతి స్టింట్‌లో (ఒక డ్రైవరు ఏకబిగిన నడిపే వంతులో) మీ టైరే కోసుకుంటుంది.

టై రాడ్ మార్చాం. అలైన్‌మెంట్ మిషన్ లేకుండా చక్రాలు ఎలా సరిచేస్తాం?

రెండు తిన్నని పలకలు, రెండు టేపులు చాలు. ముందు చక్రాలకు బయటివైపు ఒక్కో పలక ఆనించండి. టైర్ల ముందువైపు రెండు పలకల మధ్య దూరం, వెనకవైపు దూరం కొలవండి. రెండూ సమానమైతే చక్రాలు తిన్నగా ఉన్నట్టు. ముందువైపు రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటే రేసుకు బాగానే పనిచేస్తుంది. కొలిచే ముందు కారును కొంచెం ముందుకూ వెనక్కీ దొర్లించండి, లేకపోతే జాకీ దించిన సస్పెన్షన్ సర్దుకోక కొలత తప్పుతుంది. స్టీరింగ్ వంకరగా ఉంటే ఉండనివ్వండి, స్టీరింగ్ ఊడదీసే క్విక్ రిలీజ్ దగ్గర సర్దుకోవచ్చు.

రేడియేటర్ చిల్లు పడింది.

స్పేర్ ఉంటే మార్చండి, అదే త్వరగా అవుతుంది. లేకపోతే కారుతున్న సన్న గొట్టాన్ని కత్తిరించి, రెండు కొసలూ ప్లయర్‌తో నలిపి మడిచి జేబీ వెల్డ్ పూసి, ఎండేదాకా ఆగాలి. చాలా రేసుల్లో కూలెంట్ నిషేధం, ఉత్త నీళ్లే పోయాలి, ఎందుకంటే కూలెంట్‌లోని గ్లైకాల్ రోడ్డు మీద పడితే తర్వాత వచ్చే కార్లన్నీ జారతాయి. వేడి మీదున్న రేడియేటర్ మూత తీయకండి. ప్యాడాక్‌లో చేతులు కాలేది ఎక్కువగా అక్కడే.

వెల్డింగ్ చేయాల్సి వస్తే?

బ్యాటరీ తీగలు ఊడదీయండి, లేదంటే కంప్యూటరు పోతుంది. ఫ్యూయల్ ట్యాంకు దగ్గర వెల్డింగ్ ఆలోచనే వద్దు. ఒకరు వెల్డ్ చేస్తుంటే, వేరే పనేమీ పెట్టుకోకుండా మంట ఆర్పే సిలిండర్ పట్టుకుని ఇంకొకరు నిలబడాలి. పని అయ్యాక కూడా కాసేపు అక్కడే ఉండాలి. తివాచీ, పాత అండర్‌కోటింగ్ మెల్లగా రాజుకుంటాయి.

ఇంజన్ పోయింది. రాత్రికి రాత్రే మార్చడం అయ్యే పనేనా?

అవుతుంది, చేస్తూనే ఉంటారు. శనివారం సాయంత్రం ఇంజన్ పోతే తెల్లారేలోగా వేరేది ఎక్కించడం లెమన్స్‌లో ప్రతి వీకెండ్ ఎవరో ఒకరు చేసే పనే. కావాల్సింది ఇంజన్ హాయిస్టు, ఇంజన్, ఆ పని ఇంతకుముందు చేసిన ఒక్క మనిషి. క్రెయిగ్స్‌లిస్ట్‌లో అదే మోడల్ నడిచే కారు కొనుక్కొచ్చి దానిలోది పీకేసేవాళ్లు ఉన్నారు.

ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఆ ఇంజన్ ఎందుకు పోయింది? మలుపుల్లో నూనె పక్కకు పోయి పంపుకు అందక బేరింగు పట్టేస్తే, అదే సంప్‌తో (ఇంజన్ అడుగున నూనె ఉండే తొట్టితో) ఎక్కించిన కొత్త ఇంజనూ మధ్యాహ్నానికి పోతుంది. నూనె అర క్వార్టు ఎక్కువ పోయడం, సంప్‌లో అడ్డుపలకలు పెట్టడం తెలిసిన మందు. పాత ఇంజన్ లోహపు పొడి ఆయిల్ కూలర్లో మిగిలిపోతుంది కాబట్టి దాన్నీ మార్చండి లేదా తీసేయండి.

పొద్దున ఎవరు డ్రైవ్ చేయాలో రాత్రే తేల్చండి. నిద్రపోనివాళ్లు మొదటి స్టింట్ చేయకూడదు.

పార్టు ఎక్కడా దొరకట్లేదు.

ప్యాడాక్‌లో అడగండి. మైకులో చెప్పించండి. మీతో పోటీ పడే టీమే తన స్పేర్ హబ్ తెచ్చిస్తుంది, అది ఇక్కడ ఆనవాయితీ. వాడిన దానికి డబ్బో, కొత్త పార్టో తప్పకుండా తిరిగి ఇవ్వండి. ఆటోజోన్, ఓరైలీ లాంటి షాపులు డిపాజిట్ తీసుకుని ప్రత్యేక పనిముట్లు అరువిస్తాయి. తుక్కు యార్డులు సాయంత్రం త్వరగా మూసేస్తాయి కాబట్టి, దగ్గర్లో ఏవి ఉన్నాయో, ఎన్నింటిదాకా తీసి ఉంటాయో శుక్రవారమే రాసిపెట్టుకోండి.

పెట్రోలు పోసేటప్పుడే చిన్న రిపేరు కూడా కానిచ్చేస్తే టైము కలిసొస్తుంది కదా?

కుదరదు. పెట్రోలు పోస్తున్నప్పుడు ఇంజన్ ఆగి ఉండాలి, వేరే పనేదీ జరగకూడదు, పోసేవాళ్లు పూర్తి ఫైర్ గేర్‌లో ఉండాలి, పక్కన ఒకరు ఎక్స్‌టింగ్విషర్‌తో నిలబడాలి. లెమన్స్‌లో డ్రైవరు కూడా దిగాలి. పిట్‌లో మంట ట్రాక్ మీద మంట కంటే ఘోరం, చుట్టూ జనం, డబ్బాల నిండా పెట్రోలు.

బాగుచేశాం. నేరుగా ట్రాక్‌లోకి వెళ్లొచ్చా?

పెద్ద దెబ్బైతే టెక్ వాళ్లు చూసి సరేననాలి. వాళ్లను పిలిచే ముందు మీలో పని చేయని ఒకరిచేత ప్రతి నట్టూ టార్క్ రెంచితో చూపించండి. అలసిపోయిన మనిషి బోల్టు చేత్తో తిప్పి వదిలేసి, బిగించానని ప్రమాణం చేస్తాడు. మొదటి ల్యాపు నెమ్మదిగా తిరిగి, పిట్‌కు వచ్చి వీల్ నట్లు మళ్లీ చూడండి. కారు కింద నేల మీద చుక్కలేమైనా పడుతున్నాయేమో కూడా.

## రేసు అయిపోయాక

పల్టీ కొట్టిన కారును బాగుచేసి మళ్లీ తేవచ్చా?

ఆ వీకెండ్ మాత్రం కాదు. ఇంటికి తెచ్చాక కేజ్‌లో వంగిన గొట్టాలు సరిచేయడం ఉండదు, కోసి కొత్తవి వేయాలి. పైకప్పు, పిల్లర్లు కుంగితే వేరే బాడీ తెచ్చి, ఇంజన్, సస్పెన్షన్ అందులోకి మార్చుకోవడమే చవక.

అంత కష్టపడి బాగుచేసి నడిపితే ఏమైనా ఇస్తారా?

లెమన్స్‌లో 'హీరోయిక్ ఫిక్స్' అని ఒక ట్రోఫీ ఉంది, సరిగ్గా ఇందుకే. ఇక వాళ్లు అన్నిటికంటే గొప్పగా చూసేది 'ఇండెక్స్ ఆఫ్ ఎఫ్లూయెన్సీ', అంటే అసలు కదలడమే గగనం అనిపించిన కారుతో ఊహించనంత దూరం నడిపిన టీమ్‌కు. మొదటి స్థానం కంటే దానికే చప్పట్లు ఎక్కువ.

ఇండియాలో ఇలాంటిది చేయొచ్చా?

చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే, గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ ఉన్నాయి. రేసింగ్‌కు దేశంలో మోటార్ రేసులను చూసే ఎఫ్‌ఎంఎస్‌సీఐ సంస్థ లైసెన్సు కావాలి. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల రేసు) జరిగింది కానీ అది తాత్కాలికంగా వేసిన వీధి ట్రాక్, పూర్తిగా ప్రొఫెషనల్ రేసు. ఇంటిల్లిపాదీ కలిసి డొక్కు కారు తయారు చేసుకుని దిగే ఈ పద్ధతికి కావాల్సిన చవక కార్లు, ఊరికో తుక్కు యార్డు, వారాంతానికి అద్దెకిచ్చే ట్రాకులు అమెరికాలో ఉన్నట్టు మన దగ్గర లేవు. సెలవులకు ఇటు వచ్చే తమ్ముళ్లకు నేను చెప్పేది, ముందు ఒక రేసుకు మా పిట్‌లో పెట్రోలు డబ్బాలు మోయడానికి రమ్మని. పని నేర్చుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు.